చైనాలో ఇంగ్లీష్ టీచర్, తార్నాకలో ఇంగ్లీష్ విద్యార్థి



పేరెంట్-టీచర్ మీటింగుల్లో ఈ మధ్య తరచూ వినిపిస్తున్న ప్రశ్న ఒకటుంది. "మేడమ్, ఫారిన్ టీచర్‌తో ఆన్‌లైన్ క్లాసు పెట్టిస్తే మా బాబు ఇంగ్లీష్ బాగుపడుతుందా?" ఫోన్ తెరిస్తే చాలు, విదేశీ టీచర్లతో స్పోకెన్ ఇంగ్లీష్ అంటూ ప్రకటనలు కనిపిస్తున్నాయి. స్కూలు ఫీజు, వ్యాన్ ఫీజు, ట్యూషన్ ఫీజు కట్టాక నెల బడ్జెట్‌లో మిగిలేది ఎంతో మీకు తెలుసు. అందులోంచి ఇంకో ఫీజు తీసే ముందు కాస్త ఆలోచించుకోవడం మంచిదే.

ఈ ప్రశ్నకు అవునని గానీ కాదని గానీ ఒక్క మాటలో చెప్పడం కంటే, ఈ ప్రయోగాన్ని ఎన్నో ఏళ్లుగా పెద్ద ఎత్తున చేసిన ఒక దేశాన్ని చూద్దాం. అది చైనా. అక్కడ విదేశీ ఇంగ్లీష్ టీచర్ రోజు ఎలా గడుస్తుందో, ఆ టీచర్ వల్ల పిల్లలకు ఏం వస్తుందో, ఏం రాదో తెలిస్తే మన నిర్ణయం తేలికవుతుంది. ఆ తర్వాత మన కాచిగూడకు రెండు మూడు స్టేషన్ల దూరంలోనే జరుగుతున్న ఇంకో కథ కూడా చూద్దాం.

అక్కడ ఫారిన్ టీచర్ అంటే ఎవరు?

చైనాలో విదేశీ టీచర్‌ను "వైజియావ్" అంటారు. బయటి నుంచి వచ్చిన గురువు అని అర్థం. అక్కడ ఇంగ్లీష్ టీచర్ ఉద్యోగానికి నియమాలు ఉన్నాయి. డిగ్రీ ఉండాలి. రెండేళ్ల బోధనానుభవం గానీ, బి.ఎడ్ వంటి అర్హత లేదా ఇంగ్లీష్ బోధనలో గుర్తింపు ఉన్న సర్టిఫికెట్ గానీ ఉండాలి. పోలీసు క్లియరెన్స్, మెడికల్ పరీక్షలు కావాలి. వీటన్నిటికీ మించి, ఇంగ్లీష్ మాతృభాషగా ఉన్న దేశపు పౌరులై ఉండాలన్నది అక్కడి సాధారణ నియమం. అమెరికా, బ్రిటన్, ఐర్లండ్, కెనడా, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్, దక్షిణాఫ్రికా పాస్‌పోర్టులను అలా లెక్కిస్తారు. మన దేశం ఆ జాబితాలో లేదు.

అందువల్ల మీ ఇంట్లో డిగ్రీ, బి.ఎడ్ పూర్తి చేసిన అక్కలు, అన్నయ్యలు ఎవరైనా చైనాలో ఇంగ్లీష్ టీచర్ ఉద్యోగం కోసం చూస్తుంటే ఒక్క విషయం గుర్తుంచుకోండి. అక్కడ పనిచేయడానికి "జడ్" వీసా, ఆ పైన వర్క్ పర్మిట్ తప్పనిసరి. "ముందు టూరిస్ట్ వీసాపై వెళ్లండి, అక్కడికి చేరాక మార్పిస్తాం" అని ఏ ఏజెంట్ చెప్పినా నమ్మి డబ్బు కట్టకండి. టూరిస్ట్ వీసాపై పనిచేయడం అక్కడ నేరం. జరిమానా, నిర్బంధం, దేశం నుంచి పంపివేయడం వరకూ వెళ్తుంది. ఎంత చదువుకున్నా, ఎంత బాగా ఇంగ్లీష్ మాట్లాడినా పాస్‌పోర్టు దగ్గర ఆగిపోవడం మన పిల్లలకు బాధగానే ఉంటుంది. అయితే పాస్‌పోర్టు చూసి పెట్టుకున్న టీచర్ వల్ల అక్కడి తరగతిలో ఏం జరిగిందన్నదే మనకు కావలసిన పాఠం.

బడిలో ఒక రోజు

చాలా ప్రభుత్వ బడుల్లో విదేశీ టీచర్‌కు ఇచ్చే పని ఒక్కటే. పిల్లల చేత ఇంగ్లీష్ మాట్లాడించడం. పాఠ్యపుస్తకం, వ్యాకరణం, పరీక్షలు అన్నీ చైనా టీచర్ చేతిలోనే ఉంటాయి. విదేశీ టీచర్ ఒక్కో సెక్షన్‌కు సాధారణంగా వారానికి ఒకసారి వెళ్తారు. పీరియడ్ 40 నిమిషాలు. తరగతిలో 40, 45, ఒక్కోచోట 50 మంది దాకా పిల్లలు.

ఒక లెక్క వేసి చూద్దాం. వారానికి 16 సెక్షన్లు, సెక్షన్‌కు 45 మంది అనుకుంటే ఆ టీచర్ ముందు కూర్చునే పిల్లలు 720 మంది. పేర్లు గుర్తుపెట్టుకోవడమే గగనం. అందుకే చైనా పిల్లలు ఒక్కొక్కరూ ఒక ఇంగ్లీష్ పేరు పెట్టుకుంటారు. టామ్, లూసీ వంటివే కాకుండా యాపిల్, స్కై వంటి పేర్లూ వినిపిస్తాయి. 40 నిమిషాల్లో టీచర్ ఒక్క మాట కూడా మాట్లాడకుండా మొత్తం సమయం పిల్లలకే పంచినా తలా ఒక నిమిషం రాదు. అదీ వారానికి ఒకసారి.

మిగతా రోజంతా బడి తన పద్ధతిలో నడుస్తుంది. సోమవారం ఉదయం జెండా వందనం. మధ్యలో అందరూ మైదానంలోకి వచ్చి చేసే వ్యాయామం. మైకులో సంగీతం వస్తుండగా పిల్లలంతా కళ్లు మూసుకుని వేళ్లతో కళ్ల చుట్టూ నొక్కుకునే కంటి వ్యాయామం ఒకటుంది. ఇది 1960లలో మొదలై ఇప్పటికీ సాగుతోంది. మధ్యాహ్నం భోజనం తర్వాత కాసేపు కునుకు. చిన్న పిల్లలు డెస్క్ మీదే తల వాల్చి నిద్రపోతారు. బయటి నుంచి వచ్చిన టీచర్‌కు ఇదంతా కొత్త. పై తరగతుల పిల్లలు సాయంత్రం కూడా బడిలోనే కూర్చుని చదువుకుంటారు. మన జూనియర్ కాలేజీల స్టడీ అవర్స్ చూసినవారికి ఆ దృశ్యం కొత్తగా ఉండదు.

బజారులో మాత్రం ఒకటో తరగతి

తరగతిలో గురువుగా నిలబడిన మనిషి గేటు దాటగానే ఒకటో తరగతి పిల్లాడైపోతాడు. బోర్డులు చదవలేడు. కరెంటు బిల్లు అర్థం కాదు. ఊరికి చేరిన 24 గంటల్లో పోలీసుల దగ్గర తన చిరునామా నమోదు చేయించుకోవాలి. హోటల్లో దిగితే వాళ్లే చేస్తారు, ఇంట్లో దిగితే తానే చేసుకోవాలి. కూరగాయల బండి దగ్గర కూడా ఫోన్‌తోనే డబ్బులు కట్టాలి. యూపీఐ అలవాటైన మనకు ఇది వింత కాదు గానీ అక్కడి యాప్‌లు వేరు. వాట్సాప్, గూగుల్, యూట్యూబ్ అక్కడ మామూలుగా తెరుచుకోవు. తల్లిదండ్రుల గ్రూపులు, స్టాఫ్ గ్రూపులు అన్నీ "వీచాట్"లోనే. మంచినీళ్లు అడిగితే వేడినీళ్లు వస్తాయి. టీలో పాలు, పంచదార ఉండవు.

భాష ఇంకా కష్టం. చైనా భాషలో ఒకే మాటను గొంతు పెంచి, దించి, తిప్పి పలికితే అర్థం మారిపోతుంది. "మా" అన్న ఒక్క శబ్దమే స్వరాన్ని బట్టి అమ్మ అవుతుంది, గుర్రం అవుతుంది, తిట్టడం కూడా అవుతుంది. కొనడానికీ అమ్మడానికీ తేడా స్వరంలోనే ఉంది. "కొంటాను" అనబోయి "అమ్ముతాను" అంటే దుకాణదారు నవ్వుతాడు. ఆ నవ్వు ముందు నోరు మూసుకుంటే అంతే సంగతులు. మళ్లీ నోరు తెరిస్తేనే భాష వస్తుంది.

అమెరికా రచయిత పీటర్ హెస్లర్ 1996లో యాంగ్జీ నది ఒడ్డున ఉన్న ఫూలింగ్ అనే పట్టణానికి ఇంగ్లీష్ బోధించడానికి వెళ్లి రెండేళ్లు ఉన్నారు. ఆ అనుభవాలనే "రివర్ టౌన్" అనే పుస్తకంగా రాశారు. టీచర్లు కావడానికి చదువుతున్న పల్లెటూరి యువతకు ఆయన ఇంగ్లీష్ చెప్పేవారు. ఆ పక్కనే తాను చైనా భాష నేర్చుకునేవారు. చాలా ఏళ్ల తర్వాత 2019లో ఆయన కుటుంబంతో సహా చెంగ్డూ నగరానికి తిరిగి వెళ్లినప్పుడు, కవల కూతుళ్లిద్దరినీ అక్కడి స్థానిక బడిలో మూడో తరగతిలో చేర్పించారు. తరగతిలో ఉన్నవాళ్లంతా చైనా పిల్లలే. పాఠాలన్నీ చైనా భాషలోనే. తల్లిదండ్రులుగా ఎంత ఆందోళన పడి ఉంటారో మనం ఊహించుకోవచ్చు. పిల్లలు మాత్రం పక్కన కూర్చున్న పిల్లలతో మాట్లాడక తప్పని పరిస్థితిలో ఆ భాష పట్టుకున్నారు.

"మూగ ఇంగ్లీష్"

చైనాలో 2001 నుంచి మూడో తరగతి నుంచే ఇంగ్లీష్ బోధించాలన్న విధానం వచ్చింది. ఇంటర్ స్థాయి చదువు పూర్తయ్యాక రాసే "గావ్‌కావ్" అనే ప్రవేశ పరీక్షలో, చాలా రాష్ట్రాల్లో మొత్తం 750 మార్కులకు 150 మార్కులు ఇంగ్లీష్‌వే. 2024లో ఆ పరీక్షకు దరఖాస్తు చేసుకున్నవారు 1 కోటీ 34 లక్షల మంది. మన ఎంసెట్, జేఈఈ ఒత్తిడి తెలిసిన తల్లిదండ్రులకు దీని సంగతి వివరించనక్కర్లేదు.

ఇన్నేళ్లు చదివి, ఇన్ని మార్కులు తెచ్చుకున్నాక కూడా ఎదురుగా ఒక మనిషి వచ్చి ఇంగ్లీష్‌లో పలకరిస్తే నోరు పెగలని విద్యార్థులు అక్కడ చాలామంది. దీనికి వాళ్లే ఒక పేరు పెట్టుకున్నారు. "యాబా యింగ్యూ", అంటే మూగ ఇంగ్లీష్. చదవడం వచ్చు, రాయడం వచ్చు, మాట రాదు. ఈ మాట వింటే మనకు మన పిల్లలు గుర్తుకు రావడం లేదూ? డైరీలో, యూనిట్ టెస్ట్‌లో మంచి మార్కులు వచ్చే అమ్మాయి, ఇంటికి వచ్చిన చుట్టాలు "ఇంగ్లీష్‌లో ఏదైనా చెప్పమ్మా" అనగానే తలుపు చాటుకు వెళ్లిపోతుంది.

ఈ మూగతనానికి మందుగానే అక్కడి బడులు, తల్లిదండ్రులు విదేశీ టీచర్ల వైపు చూశారు. అమెరికా, కెనడాల్లో ఉన్న టీచర్లు వీడియోలో ఒక్కో పిల్లవాడికి 25 నిమిషాల పాఠం చెప్పే కంపెనీలు పెద్ద వ్యాపారంగా ఎదిగాయి. 2021 జూలైలో చైనా ప్రభుత్వం పిల్లల మీద హోంవర్క్, ట్యూషన్ల భారం తగ్గించాలంటూ కొత్త నియమాలు తెచ్చింది. బడి సబ్జెక్టుల్లో లాభం కోసం ట్యూషన్లు నడపడాన్ని, శని, ఆదివారాల్లోనూ సెలవుల్లోనూ ఆ ట్యూషన్లు పెట్టడాన్ని నిషేధించింది. దేశం బయట ఉన్న విదేశీయుల చేత ఆన్‌లైన్ పాఠాలు చెప్పించడాన్ని కూడా ఆపేసింది. తల్లిదండ్రులు పెడుతున్న ఖర్చు, పిల్లల అలసట రెండూ హద్దు దాటాయన్నది అప్పట్లో ప్రభుత్వం చెప్పిన కారణం.

ఈ కథలో మనం గమనించాల్సింది ఒకటుంది. వారానికి ఒకసారి 45 మంది ముందు నిలబడే విదేశీ టీచర్ మూగ ఇంగ్లీష్‌ను పోగొట్టలేకపోవడానికి ఆయన ప్రతిభ లోపించడం కారణం కాదు. పిల్లవాడికి నోరు తెరిచే సమయం దక్కలేదు, అంతే. ఒక్కరికి ఒక్కరు చెప్పే 25 నిమిషాల పాఠంలో పిల్లవాడు పది పన్నెండు నిమిషాలు మాట్లాడితే ఆ మేలు నిజమే. అయితే ఆ మేలు ఎదురుగా ఉన్న మనిషి ఓపిగ్గా వినడం వల్ల వచ్చింది. ఆ వినే మనిషి ఏ దేశం వారైనా కావచ్చు.

మన తార్నాక కథ

ఇప్పుడు మన ఊరికి వద్దాం. కాచిగూడలో ఎంఎంటీఎస్ ఎక్కితే విద్యానగర్, జామియా ఉస్మానియా, ఆర్ట్స్ కాలేజీ స్టేషన్లు వరసగా వస్తాయి. ఆ పట్టాలకు పక్కనే ఉన్న క్యాంపస్‌కు ఇంగ్లీష్‌తో వందేళ్ల పైబడిన సంబంధం ఉంది.

ఉస్మానియా విశ్వవిద్యాలయం 1918లో ఉర్దూ మాధ్యమంతో మొదలైంది. సైన్సు, లెక్కలు, చరిత్ర అన్నీ ఉర్దూలోనే చెప్పేవారు. అందుకోసం ఒక అనువాద విభాగాన్నే పెట్టారు. అయినా ఇంగ్లీష్‌ను వదిలేయలేదు. అది అందరూ తప్పనిసరిగా చదవాల్సిన సబ్జెక్టుగా ఉండేది. ఆ తొలి దశాబ్దాల్లో ఇక్కడ ఇంగ్లీష్ ప్రొఫెసర్‌గా పనిచేసినవారిలో ఇ. ఇ. స్పెయిట్ అనే ఆంగ్లేయుడు ఒకరు. ఆయన అంతకుముందు చాలా ఏళ్లు జపాన్‌లో ఇంగ్లీష్ బోధించి హైదరాబాద్ వచ్చారు. అంటే, ఇప్పుడు చైనాలో ఫారిన్ టీచర్ గడిపే జీవితం లాంటిదే ఒకప్పుడు మన నగరంలోనూ ఒకాయన గడిపారన్నమాట.

ఆ తర్వాత గాలి దిశ మారింది. స్వాతంత్ర్యం వచ్చాక, ఇంగ్లీష్ బోధించే టీచర్లను మన దేశంలోనే తయారుచేయాలన్న ఆలోచనతో 1958లో హైదరాబాద్‌లో సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఇంగ్లీష్ ఏర్పడింది. కన్నడ కవి వి. కె. గోకాక్ దాని తొలినాళ్లలో డైరెక్టర్‌గా పనిచేశారు. 1972లో ఇతర విదేశీ భాషలూ చేరి అది "సీఫెల్" అయింది. మన తార్నాక పెద్దవాళ్లు ఇప్పటికీ ఆ పేరే వాడతారు. 2007లో కేంద్రీయ విశ్వవిద్యాలయంగా మారి "ఇఫ్లూ" అయింది.

ఈరోజు ఇంగ్లీష్ నేర్చుకోవడానికి వేరే దేశాల వాళ్లు అక్కడికి వస్తున్నారు. భారత ప్రభుత్వం 1964లో మొదలుపెట్టిన "ఐటెక్" అనే పథకం కింద 160కి పైగా దేశాల వారికి రకరకాల శిక్షణలు ఇస్తారు. విమాన టికెట్టు, ఫీజు, వసతి ఖర్చు మన ప్రభుత్వమే భరిస్తుంది. ఆ పథకంలో ఇంగ్లీష్ శిక్షణ ఇచ్చే సంస్థల్లో ఇఫ్లూ ఒకటి. కంబోడియా, లావోస్, మయన్మార్, వియత్నాం దేశాల్లో ఇంగ్లీష్ శిక్షణ కేంద్రాలు నెలకొల్పడంలోనూ ఈ సంస్థ పాలుపంచుకుంది. వాళ్లకు పాఠాలు చెప్పేది మనలాంటి భారతీయ టీచర్లే. తెలుగు, మలయాళం, హిందీ, బెంగాలీ ఇళ్లలో పుట్టి పెరిగి ఇంగ్లీష్ నేర్చుకున్నవారు.

ఉస్మానియా క్యాంపస్‌లో నేను బి.ఎడ్ చదివే రోజుల్లో, తార్నాక వైపు టీ కొట్ల దగ్గర ఈ విదేశీ విద్యార్థులను చాలాసార్లు చూశాను. మధ్య ఆసియా నుంచి వచ్చినవారు, ఆఫ్రికా నుంచి వచ్చినవారు ఒకే బెంచీ మీద కూర్చుని మాట్లాడుకునేవారు. ఒకరి భాష ఇంకొకరికి రాదు. ఇద్దరికీ తెలుగు రాదు. మన చాయ్‌లో పంచదార ఎక్కువైందని చెప్పుకోవాలన్నా ఉన్న ఒక్క దారి ఇంగ్లీషే. వాక్యం సగంలో ఆగిపోతే చేతులు తిప్పి పూర్తి చేసేవారు. ఎవరూ నవ్వేవారు కాదు. తరగతిలో నేర్చుకున్నది వాళ్ల నోట్లో నిలబడటానికి ఆ బెంచీ చేసిన సాయం చిన్నది కాదు.

మన టీచర్‌కు తెలిసేది ఏమిటి?

పిల్లల ఇంటి భాష తెలిసిన టీచర్‌కు ఒక పెద్ద వెసులుబాటు ఉంది. పిల్లవాడు ఎక్కడ తడబడతాడో, ఎందుకు తడబడతాడో ముందే తెలుస్తుంది.

చైనా భాషలో అతడు, ఆమె రెండింటికీ పలికే మాట ఒక్కటే, "తా". అందుకే చైనా పిల్లలు మాట్లాడేటప్పుడు "హీ", "షీ" తారుమారు చేస్తుంటారు. కొత్తగా వచ్చిన విదేశీ టీచర్‌కు ఇది వింతగా ఉంటుంది. చైనా టీచర్‌కు కారణం తెలుసు.

మన తరగతిలోనూ అంతే. తెలుగు మాట సాధారణంగా అచ్చుతో ముగుస్తుంది. కాబట్టి "బస్" మన నోట "బస్సు", "బుక్" "బుక్కు" అవుతాయి. ఇంగ్లీష్‌లో "వి", "డబుల్యూ" అక్షరాల శబ్దాలు వేరు. మనకు ఉన్నది ఒక్క "వ". "వెస్ట్" అని తెలుగులో రాస్తే అది పడమరో, లోపల వేసుకునే బనీనో చెప్పలేం. కాచిగూడ తరగతి గదిలో ఉర్దూ, హిందీ మాట్లాడే పిల్లలు కూడా ఉంటారు. ఉర్దూ ఇంటి పిల్లలకు "జూ"లోని శబ్దం సులువు, కానీ "స్కూల్" ముందు ఒక "ఇ" చేరి "ఇస్కూల్" అయిపోతుంది. "నాకు తెలుసు" అనే వాక్యాన్ని మనసులో పెట్టుకున్న పిల్లవాడు "ఐ యామ్ నోయింగ్" అంటాడు. "టేబుల్ మీద" అనే వరస అలవాటైన పాప "టేబుల్ ఆన్" అంటుంది. ఇవి తెలివితక్కువ తప్పులు కావు. ఒక భాషలోంచి ఇంకో భాషలోకి నడిచేటప్పుడు పడే అడుగుజాడలు.

ఇక యాస మాటకొస్తే, ఎదుటివారికి స్పష్టంగా అర్థమయ్యేలా పలకడం మా లక్ష్యం. అమెరికా వాళ్లలా పలకాలన్న నియమం ఎక్కడా లేదు. బ్రిటన్‌లోనే ఒక్కో ప్రాంతానికి ఒక్కో యాస ఉంది.

తరగతి గదిలో అర నిమిషం

మా లెక్క కూడా మీ ముందు పెడతాను. మాకూ పీరియడ్ 40 నిమిషాలే. తరగతిలో 40 మంది అనుకుందాం. హాజరుకు, సర్దుకోవడానికి 5 నిమిషాలు, టీచర్ వివరణకు 15 నిమిషాలు పోతే మిగిలేది 20 నిమిషాలు. ఒక్కొక్కరినీ లేపి మాట్లాడిస్తే తలా అర నిమిషం దక్కుతుంది. అదే 20 నిమిషాలు పిల్లలను ఇద్దరిద్దరుగా కూర్చోబెట్టి ఒకరితో ఒకరు మాట్లాడుకోమంటే తలా 10 నిమిషాలు. అంటే 20 రెట్లు. టీచర్ మారలేదు, పుస్తకం మారలేదు, ఫీజు మారలేదు.

అందుకే మీరు ఎప్పుడైనా కారిడార్‌లో నడుస్తూ మా ఇంగ్లీష్ పీరియడ్‌లో గోల వింటే క్లాసు అదుపు తప్పిందని అనుకోవద్దు. నిశ్శబ్దంగా ఉన్న ఇంగ్లీష్ క్లాసు చూసే మేము ఎక్కువ కంగారు పడతాం.

మాట్లాడుకోవడానికి ఒక పని ఉండాలన్నది ఇంకో విషయం. ఎన్. ఎస్. ప్రభు అనే భారతీయ విద్యావేత్త 1979 నుంచి 1984 వరకు బెంగళూరు కేంద్రంగా దక్షిణ భారత పాఠశాలల్లో ఒక ప్రయోగం నడిపారు. వ్యాకరణ పాఠం చెప్పకుండా పిల్లలకు మ్యాపులు, రైల్వే టైమ్‌టేబుళ్లు ఇచ్చి, ఇంగ్లీష్‌లో ఆలోచించి జవాబు కనుక్కోమన్నారు. మనసు పని మీద ఉంటే భాష దానంతట అది కుదురుకుంటుందన్నది ఆయన నమ్మకం. ఆ ప్రయోగం గురించి ప్రపంచవ్యాప్తంగా ఇంగ్లీష్ టీచర్ల శిక్షణలో ఇప్పటికీ చర్చిస్తారు. మన పక్క రాష్ట్రంలో, మామూలు బడుల్లో జరిగిన పని అది.

ఇంట్లో మీరు చేయగలిగినవి

మీకు ఇంగ్లీష్ వచ్చినా, రాకపోయినా ఇవి చేయవచ్చు.

1. రోజూ పది నిమిషాలు వినండి. బడిలో ఏం జరిగిందో మీరు తెలుగులో అడగండి, పిల్లలను ఇంగ్లీష్‌లో చెప్పమనండి. మీకు అర్థం కాకపోతే "మళ్లీ చెప్పు, నిదానంగా చెప్పు" అనండి. రెండోసారి చెప్పేటప్పుడు వాక్యం మెరుగవుతుంది.

2. అమ్మమ్మకో, నానమ్మకో రోజుకు రెండు ఇంగ్లీష్ మాటలు నేర్పే బాధ్యత పిల్లలకు అప్పగించండి. నేర్పేవాడు ఎప్పుడూ రెట్టింపు నేర్చుకుంటాడు.

3. కాచిగూడ స్టేషన్‌కు వెళ్లినప్పుడు బోర్డు చూపించి ప్రశ్నలు వేయండి. ముందు బయలుదేరే రైలు ఏది? మనం దాన్ని అందుకోవాలంటే ఇంట్లో ఎన్నింటికి బయలుదేరాలి? జవాబు ఇంగ్లీష్‌లో.

4. మాట మధ్యలో తప్పు దిద్దకండి. పూర్తిగా చెప్పనివ్వండి. ఆ తర్వాత ఒక్క తప్పు మాత్రమే చెప్పండి. చుట్టాల ముందు "ఏదీ, మాట్లాడి చూపించు" అని నిలబెట్టకండి.

5. తెలుగు మానకండి. ఇంట్లో తెలుగు, ఉర్దూ, హిందీ ఏది మాట్లాడినా కథలు చెప్పండి, చదివించండి. తెలంగాణలో 2018లో వచ్చిన చట్టం ప్రకారం బడుల్లో తెలుగు తప్పనిసరి కూడా. ఒక భాషలో కథను వరసగా చెప్పడం వచ్చిన పిల్లవాడికి రెండో భాషలో మాటలు వెతుక్కుంటే సరిపోతుంది. ఏ భాషలోనూ చెప్పడం రాని పిల్లవాడికి రెండు పనులూ ఒకేసారి మీద పడతాయి.

ఇంకో ఫీజు కట్టే ముందు

ఇవన్నీ చదివాక కూడా ఆన్‌లైన్ క్లాసు పెట్టించాలనిపిస్తే తప్పేమీ లేదు. అయితే డబ్బు కట్టే ముందు ఈ ప్రశ్నలు అడగండి. ఒక క్లాసులో ఎంతమంది పిల్లలు? అందులో మా పాప మాట్లాడే సమయం ఎన్ని నిమిషాలు? ప్రతి వారం అదే టీచర్ వస్తారా, మారుతుంటారా? ఆ టీచర్‌కు పిల్లలకు పాఠం చెప్పే శిక్షణ ఉందా? నెల తర్వాత పిల్లల పురోగతి ఏ రూపంలో చూపిస్తారు? మధ్యలో మానేస్తే మిగిలిన డబ్బు తిరిగి ఇస్తారా? వీటికి సూటిగా జవాబు చెప్పగలిగిన క్లాసు ఎవరు నడిపినా పరిశీలించవచ్చు. "మా టీచర్ ఫారినర్ అండీ" అన్న ఒక్క జవాబే వస్తే ఆ డబ్బుతో నెలకు రెండు మంచి కథల పుస్తకాలు కొనడం మేలు.

మీ పిల్లల ఇంగ్లీష్ తరగతి ఎలా జరుగుతుందో స్వయంగా చూడాలనుకునేవారు డైరీలో ఒక చిన్న నోట్ రాసి పంపండి. వీలున్న రోజు చెబుతాం. వచ్చి వెనక బెంచీలో ఓ పది నిమిషాలు కూర్చోండి. టీచర్ ఎంతసేపు మాట్లాడారో, మీ పిల్లలు ఎంతసేపు మాట్లాడారో గడియారం చూసి లెక్కపెట్టండి. లెక్క తక్కువగా తేలితే మొహమాటం లేకుండా మాకు చెప్పండి. దాన్ని పెంచే బాధ్యత మాది.